వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులు రాశారు, జీ6పీడీ టెస్ట్ చేయించలేదు, ఏం చేయాలి?

తమ్ముడి_అక్క:
అందరికీ నమస్తే. కొంచెం అర్జెంట్‌గానే అడుగుతున్నా. మా తమ్ముడికి (28 ఏళ్లు, 60 కిలోలు) పోయిన వారం చలిజ్వరం వచ్చింది, ఒకరోజు వణికించేయడం మర్నాడు మామూలుగా తిరగడం మళ్ళీ ఆ తర్వాత రోజు వణుకు, ఇలా ఉంటే బ్లడ్ టెస్ట్ చేయించాం, వైవాక్స్ మలేరియా అని వచ్చింది. క్లోరోక్విన్ మూడు రోజులు వేసుకున్నాడు, జ్వరం పోయింది. దాంతోపాటు ప్రైమాక్విన్ 15 ఎంజీ రోజుకొకటి 14 రోజులు రాశారు. రెండే రెండు వేసుకుని నిన్న మానేశాడు, జ్వరమే లేనప్పుడు మందెందుకు అంటాడు, పైగా వాళ్ళ ఆఫీసులో ఒకతనికి మలేరియా వస్తే ఇదే ప్రైమాక్విన్ ఒక్క డోసుతో సరిపెట్టారట, నాకు మాత్రం 14 ఎందుకు అని వాదన.

నేను లోపలి కాగితం చదివితే జీ6పీడీ (రక్తంలో ఉండే ఏదో ఎంజైమట) టెస్ట్ చేయించకుండా వాడొద్దని ఉంది. మమ్మల్ని ఎవరూ ఆ టెస్ట్ గురించి అడగలేదు. అమ్మకి చెప్తే ఇప్పుడు గుర్తు చేసుకుంది, మా మేనమామకి చిన్నప్పుడు ఏదో మాత్ర వేస్తే మూత్రం నల్లగా వచ్చి కామెర్లొచ్చి రక్తం ఎక్కించారట. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఇంకోటి, స్ట్రిప్ మీద 26.3 ఎంజీ అని ఉంది, చీటీ మీద 15, ఎక్కువ డోస్ ఇచ్చేశారా? మరదలు అయిదో నెల ప్రెగ్నెంట్, తనకీ నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, అదే దోమ కుట్టి ఉంటుంది నా మాత్రలే వేసుకో అంటున్నాడు తమ్ముడు. నేను ఆపాను. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

మూడుసార్లు_పడ్డా:
అక్కా, మానేయడం గురించి నేను చెప్తాను ఎందుకంటే అచ్చంగా మీ తమ్ముడు చేసిందే నేనూ చేశా. అయిదో రోజు మానేశా. రెండున్నర నెలలకి మళ్ళీ అదే వణుకు. కొత్తగా దోమ కుట్టిందేమో అనుకున్నా, క్లోరోక్విన్ వేసుకున్నా, తగ్గింది, ఇంకో మూడు నెలలకి మళ్ళీ. అప్పుడు డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు, వైవాక్స్ క్రిమి కొంత రక్తంలో ఉంటుంది కొంత లివర్లో నిద్రపోతుంది అని. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్నే చంపుతుంది, లివర్లో పడుకున్నదాని జోలికి పోదు, అది వారాలకో నెలలకో లేచి మళ్ళీ రక్తంలోకి వస్తుంది. దాన్ని చంపడానికే ప్రైమాక్విన్. జ్వరం తగ్గడానికీ దానికీ సంబంధం లేదు. జ్వరం లేదు కాబట్టి మందు అక్కర్లేదు అనేది ఈ ఒక్క రోగంలో మనిషిని బాగా మోసం చేస్తుంది. మూడోసారికి ఒళ్ళో రక్తం తగ్గిపోయి మెట్లెక్కలేకపోయా. అందుకే మీ తమ్ముడికి ఇది చదివి వినిపించండి. కానీ టెస్ట్ సంగతి మాత్రం ముందు తేల్చుకోండి, నాకు చేశాకే 14 రోజులూ ఇచ్చారు.

మందుల_కౌంటర్:
నేను ఫార్మసిస్ట్‌ని, డాక్టర్‌ని కాదు, అయినా ఈ మందు విషయంలో గట్టిగా చెప్తున్నా.

మొదట మీ మరదలు. ఆవిడకి ఆ మాత్ర ఒక్కటి కూడా వద్దు. గర్భంలో ఉన్న బిడ్డకి జీ6పీడీ ఎలా ఉందో ఎవరికీ తెలీదు, అందుకే ప్రెగ్నెన్సీలో ప్రైమాక్విన్ ఇవ్వరు. అలాగని ఇంట్లో కూర్చోబెట్టొద్దు, కడుపుతో ఉన్నవాళ్ళకి మలేరియా చాలా ప్రమాదం, ఈరోజే రక్తపరీక్ష చేయించండి, గర్భిణి అని ముందే చెప్పండి. వైవాక్సే అయితే క్లోరోక్విన్ ఇవ్వొచ్చు, లివర్ మందు డెలివరీ తర్వాత చూసుకుంటారు, అప్పటిదాకా కొందరికి వారానికోసారి క్లోరోక్విన్ పెడతారు.

ఇక తమ్ముడు. మీ మేనమామ కథ విన్నాక నాకు భయం వేసింది నిజంగా. జీ6పీడీ అనేది ఎర్రకణాల్ని కాపాడే ఎంజైమ్, అది తక్కువగా ఉన్నవాళ్ళకి ఈ మందు వేస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి అది తల్లి నుంచే వస్తుంది. అంటే మేనమామకి ఉంటే మేనల్లుడికి రావడానికి దారి ఉంది. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా, చాలామందికి ఉన్నట్టే తెలీదు. అసలు ఈ లోపాన్ని కనుక్కున్నదే ప్రైమాక్విన్ వల్ల, ఆ మందు వేసుకున్న కొందరిలోనే రక్తం ఎందుకు విరిగిపోతోందని వెతుకుతుంటే 1956లో బయటపడింది. కాబట్టి టెస్ట్ వచ్చేదాకా మూడో మాత్ర వేయకండి, డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి మేనమామ విషయం, రెండు వేసుకున్న విషయం రెండూ చెప్పండి. మూత్రం రంగు చూస్తూ ఉండమనండి. నీళ్ళు తక్కువ తాగితే వచ్చే ముదురు పసుపు వేరు, బ్లాక్ టీ లాగా కోలా లాగా ఎర్రగా నల్లగా రావడం వేరు. అలా వస్తే, లేదా కళ్ళు పచ్చబడినా, పాలిపోయినా, ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా పొద్దున్న చూద్దాం అనుకోకుండా రాత్రైనా సరే హాస్పిటల్‌కే.

26.3 గురించి కంగారు పడకండి. ప్రైమాక్విన్ ఫాస్ఫేట్ 26.3 ఎంజీలో అసలు మందు 15 ఎంజీ ఉంటుంది, రెండూ ఒకే మాత్ర. 7.5 మాత్రలు కూడా ఉంటాయి, అక్కడ మాత్రం జాగ్రత్త, షాపు మారితే స్ట్రిప్ మీద చదివి తీసుకోండి.

ఆఫీసు మనిషి ఒక్క డోస్ సంగతి: అతనికి బహుశా ఫాల్సిపేరం అనే ఇంకో రకం మలేరియా అయ్యుంటుంది. అందులో లివర్లో నిద్రపోయే రకం ఉండదు, అసలు రోగానికి వేరే మందులిచ్చి, అతని నుంచి దోమలకి అంటకుండా ఒక చిన్న డోస్ ప్రైమాక్విన్ ఇస్తారు. పేరు ఒకటే, పని వేరు.

కొత్తగా_వచ్చా:
ఇప్పుడు టాఫెనోక్విన్ అని ఒకే ఒక్క డోస్ మందు ఉంది కదా, ఈ 14 రోజుల గోల లేకుండా అది అడగొచ్చుగా?

మందుల_కౌంటర్:
ఉంది, 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఇలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్ళు దాని పేరు తలవడానికి ముందు ఇంకా గట్టి టెస్ట్ కావాలి, ఎంజైమ్ 70 శాతం కంటే ఎక్కువ ఉందని అంకెల్లో తేలాలి. ప్రైమాక్విన్ తేడా చేస్తే మర్నాడు మానేయొచ్చు, ఒంట్లోంచి తొందరగా పోతుంది. టాఫెనోక్విన్ వారాల తరబడి రక్తంలో ఉంటుంది, మింగాక వెనక్కి తీసుకునే దారి లేదు.

చిన్నోడి_నాన్న:
మా అబ్బాయికి (19) జరిగింది రాస్తున్నా, ఇలాంటివి బయటికి చెప్పకపోతే ఎవరికీ తెలీవు. టెస్ట్ లేకుండానే మొదలుపెట్టాం. మూడో రోజు సాయంత్రం నడుం నొప్పి అన్నాడు, జ్వరం వల్ల అనుకున్నాం. నాలుగో రోజు బాత్రూంలోంచి పిలిచాడు, మూత్రం ముదురు గోధుమ రంగు, మొహం తెల్లగా పాలిపోయింది. మాత్ర ఆపేసి పరుగెత్తాం. హిమోగ్లోబిన్ 13 నుంచి 8కి పడిపోయింది. అయిదు రోజులు ఉంచి పంపారు, దేవుడి దయవల్ల కిడ్నీలు బాగున్నాయి. అక్కడ ఒక విషయం తెలిసింది, రక్తం విరిగిన వెంటనే టెస్ట్ చేస్తే నార్మల్ అని వచ్చే అవకాశం ఉందట, ఎందుకంటే లోపం ఉన్న పాతకణాలు పోయి కొత్తవే మిగులుతాయి, వాటిలో ఎంజైమ్ ఎక్కువ. మాకు అలాగే నార్మల్ వచ్చింది, మూడు నెలలాగి చేస్తే లోపం బయటపడింది. అమ్మా, మీరు అడగడం చాలా మంచిదైంది.

తమ్ముడి_అక్క:
అందరికీ చేతులెత్తి దండం. అప్‌డేట్ ఇస్తున్నా. మరదలికి మలేరియా నెగటివ్, మళ్ళీ జ్వరం వస్తే ఇంకోసారి చేయించమన్నారు. తమ్ముడికి జీ6పీడీ లోపం ఉందని వచ్చింది. రెండు మాత్రలే కాబట్టి పెద్దగా ఏం కాలేదు, మూత్రం మామూలే, హిమోగ్లోబిన్ బాగానే ఉంది. డాక్టర్ రోజువారీది మానిపించి, వారానికోసారి 45 ఎంజీ చొప్పున 8 వారాలు అన్నారు, ప్రతిసారీ క్లినిక్‌కే రమ్మన్నారు. రోజుకొకటే ప్రమాదం అయితే ఒకేసారి మూడు మాత్రలు ఎలా వేస్తారో అర్థం కావట్లేదు, తమ్ముడు నన్నే అడుగుతున్నాడు.

మందుల_కౌంటర్:
మంచి ప్రశ్న. ఎర్రకణం వయసు పెరిగేకొద్దీ ఈ ఎంజైమ్ తగ్గుతుంది, మందు దెబ్బకి ముందు పగిలేవి ముసలి కణాలే. వారం గ్యాప్‌లో ఒళ్ళు కొత్త కణాలు తయారు చేసుకుంటుంది, అవి కాస్త తట్టుకుంటాయి. రోజూ వేస్తే ఆ టైమ్ దొరకదు. కిలోకి 0.75 ఎంజీ లెక్క, 60 కిలోలకి 45, సరిగ్గానే ఇచ్చారు. అయితే లోపం ఉన్న అందరికీ ఇది ఇవ్వరు, తీవ్రత చూసి డాక్టర్ నిర్ణయించాల్సిందే, అందుకే క్లినిక్‌లో వేస్తామన్నారు, ఇంటికి తెచ్చుకునే పని పెట్టుకోవద్దు. ముఖ్యంగా మొదటి డోస్ తర్వాత మూడు నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండండి, మధ్యలో హిమోగ్లోబిన్ చూస్తారు. ఖాళీ కడుపున వేస్తే కడుపులో మెలిపెడుతుంది, తిన్నాకే వేయమనండి. ఒక వారం తప్పితే తర్వాతి వారం రెండూ కలిపి వేసేయడం మాత్రం వద్దు, ఫోన్ చేసి అడగండి.

రిపోర్ట్ ఫోటో ఫోన్లో పెట్టుకోమనండి, రేపు ఇంకేదైనా జబ్బుకి ఇలాగే ఎర్రకణాల్ని పగలగొట్టే డాప్సోన్ లాంటి మందులు రాస్తే ముందే చూపించాలి. పుట్టబోయేది బాబైతే వాళ్ళ నాన్న నుంచి ఇది రాదు, పాపైతే ఆ జీన్ తప్పకుండా వస్తుంది, పిల్లల డాక్టర్‌కి చెప్పండి. మీరూ చేయించుకోండమ్మా, ఆడవాళ్ళలో మామూలు టెస్ట్ ఒక్కోసారి నార్మల్ చూపిస్తుంది, అంకెల్లో వచ్చే టెస్ట్ అడగండి.

తమ్ముడి_అక్క:
చేయించుకుంటా అండీ. సోమవారం మొదటి డోస్, నేనే పక్కన కూర్చుంటా.