వెలిగే ఓణీ, మల్లెల వాసనొచ్చే లంగా: కుట్టే ముందు కొన్ని సందేహాలు

పాలకొల్లు కుట్టుమిషన్:
అందరికీ నమస్తే అండి. మా వీధిలో ఒకళ్ళమ్మాయికి వచ్చే నెల ఓణీల ఫంక్షన్. బట్టలు కుట్టే పని నాకే ఇచ్చారు. అమ్మాయి ఫోన్లో ఏదో వీడియో చూసి చీకట్లో వెలిగే ఓణీ కావాలని పట్టుబట్టింది. వాళ్ళమ్మగారేమో పిల్ల నడుస్తుంటే మల్లెపూల వాసన రావాలి, అలాంటి బట్ట వచ్చిందట కదా అంటున్నారు. వెలిగే బట్ట ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చారు. లేతాకుపచ్చ రంగు, ఒకవైపు రబ్బరు పూసినట్టుంది. షాపులో ట్యూబ్‌లైటు కింద చూస్తే మామూలు గుడ్డే. షట్టరు దించి లైటు తీస్తే భలే వెలిగింది గానీ కాసేపటికే డల్ అయిపోయింది.

ఫంక్షన్ రాత్రి ఏడింటికి, కొబ్బరితోటలో షామియానా వేస్తున్నారు. అప్పుడు ఇది వెలుగుతుందా? దీని మీద మగ్గం వర్క్ చేయించొచ్చా? ఉతికితే పోతుందా? వాసన బట్ట సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఇందులో రేడియం ఉంటుంది, పిల్ల ఒంటికి మంచిది కాదని మా ఆయన ఒకటే టెన్షన్ పెడుతున్నారు. లంగా మంచి పట్టు. దానికి ఏమైనా అయితే నేను డబ్బు కట్టుకోలేనండి.

భీమవరం లైటింగ్:
అక్కా, మేం షామియానాలో ఫోకస్ లైట్లు, పార్ లైట్లు పెడతాం. ఆ వెలుతురులో మీ ఓణీ వెలుగుతోందన్న సంగతి ఎవరికీ తెలియదు. కరెంటు పోతే మాత్రం అదిరిపోద్ది. జనరేటరు అబ్బాయితో ముందే మాట్లాడుకోండి.

రాజమండ్రి డ్యాన్స్ డ్రెస్సులు:
ఆయన నవ్వుతూ చెప్పినా అసలు విషయం అదే. మీ దగ్గరున్నది వెలుతురుని దాచుకుని తర్వాత మెల్లగా వదిలే రకం. ముందు దానికి వెలుతురు తగలాలి, ఆ తర్వాత చుట్టూ చీకటి ఉండాలి. పైగా లైటు తీసిన మొదటి కొన్ని నిమిషాలే బాగా వెలుగుతుంది, తర్వాత గబగబా తగ్గిపోతుంది.

ముందు అరచేయంత ముక్క కత్తిరించి పరీక్ష చేయండి. ఫోన్ టార్చి కింద ఓ నిమిషం ఉంచి, బీరువాలో పడేసి అరగంట ఆగండి. గదిలో లైట్లు తీసి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూడండి. ముక్క ఆకారం ఇంకా తెలుస్తుంటే అందులో స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి ఉన్నట్టు. ఏమీ కనపడకపోతే పాతకాలం జింక్ సల్ఫైడ్ పొడి అయ్యుంటుంది, దాన్ని వెనక్కి పంపించేయమనండి. రంగు విషయంలో మీవాళ్ళు తెలియకుండానే మంచిది ఎంచుకున్నారు. మన కళ్ళకి చీకట్లో ఆకుపచ్చే బాగా ఆనుతుంది. ఎరుపు, గులాబీ అని అమ్మేవి అంతగా వెలగవు.

వెలుతురు పట్టించడానికి పసుపు బల్బు దండగ. ఎండ మంచిది, తెల్ల ఎల్‌ఈడీ పర్వాలేదు, అన్నిటికంటే నోట్లు చూసే యూవీ టార్చి బాగా పనిచేస్తుంది. కావాలంటే ఆ టార్చితో బట్ట మీద పిల్ల పేరు రాసి లైటు తీసి చూడండి, గీతలు గీతలుగా వెలుగుతుంది. టార్చి కళ్ళలోకి మాత్రం కొట్టకండి.

ఇక ఫంక్షన్లో ఎలా వాడాలంటే, ఓణీ మొత్తం దీనితో కుట్టడం నా మటుకు నాకు నచ్చదు. ఆ రబ్బరు పూత వల్ల ఓణీకి జారుడుండదు, అట్టలా నిలబడిపోతుంది. గాలి ఆడదు, మన ఉక్కపోతలో పిల్ల ఏడుస్తుంది. మామూలు నెట్ ఓణీ తీసుకుని, ఈ బట్టని పూలుగా, ఆకులుగా కత్తిరించి అంచుకి అప్లిక్ వేయండి, అంటే పైన పెట్టి కుట్టేయండి. పిల్ల స్టేజీ మీదికొచ్చేటప్పుడు ఒక్క పాట సేపు లైట్లు తీయమని లైటింగ్ వాళ్ళకి చెప్పండి. దానికి ముందు పిల్లని ట్యూబ్‌లైటు కింద కూర్చోబెడితే చాలు. ఫొటోగ్రాఫర్‌కి కూడా ముందే చెప్పాలి. ఫ్లాష్ కొడితే ఫొటోలో ఏమీ ఉండదు. కెమెరా స్టాండు మీద పెట్టి, పిల్లని కదలకుండా నిలబెట్టి, షట్టరు రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచితే పడుతుంది.

ఎంట్రీకి కోల్డ్ పైరోలు, అదే చిచ్చుబుడ్డిలా రవ్వలు చిమ్మేవి, పెడుతున్నారా? పెడితే నెట్ ఓణీకి దూరంగా పెట్టించండి. అవి చల్లగా ఉంటాయనుకోకండి, నిప్పురవ్వలే. హారతి పళ్ళెం దగ్గర కూడా అదే జాగ్రత్త.

భీమవరం లైటింగ్:
లైట్లు మొత్తం తీసేస్తే పెద్దవాళ్ళు గోల చేస్తారండి. దానికంటే యూవీ లైట్లు రెండు పెట్టించుకోండి. స్కూల్ యానివర్సరీల్లో రేడియం డ్యాన్స్ అని వేస్తారే, అదే లెక్క. ఫ్లోరసెంట్ దారం, ఫ్లోరసెంట్ లేసు ఆ లైటు కింద ఉన్నంతసేపూ మెరుస్తూనే ఉంటాయి, తగ్గడం ఉండదు. లైటు ఆగితే అవీ ఆగిపోతాయి. ఒక్క చిక్కేమిటంటే బాబాయిల తెల్ల చొక్కాలు కూడా నీలంగా మెరుస్తాయి. బట్టల సబ్బు పొడిలో తెలుపు కోసం కలిపే మందు పని అది.

పాలకొల్లు కుట్టుమిషన్:
అమ్మో, పెదనాన్నగారి పంచె కూడా వెలుగుతుందన్నమాట! మరి లంగా బుట్టలా నిలబడాలని కింద వేసే కెన్‌కెన్ నెట్‌లో లైట్ల దండ పెట్టేస్తే పోదా అంటోంది అమ్మాయి.

రాజమండ్రి డ్యాన్స్ డ్రెస్సులు:
పెట్టొచ్చు. ఎక్కువ వెలుతురు కావాలంటే నిజానికి అదే దారి. సన్నటి రాగితీగ మీద చిన్న ఎల్‌ఈడీలుండే ఫెయిరీ లైట్లు తీసుకోండి, రెండు పెన్ను సెల్సుతో నడిచేవి. సెల్సు డబ్బా నడుము దగ్గర చిన్న జేబు కుట్టి అందులో పెట్టండి. బొత్తాంలాంటి కాయిన్ సెల్ రకం వద్దు. అది ఎక్కువసేపు రాదు, పైగా ఊడి కింద పడితే చిన్నపిల్లలు మింగుతారు. అది మింగితే లోపల గొంతు కాలిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. పవర్ బ్యాంకు పెడదామనుకుంటే ముందే ఇంట్లో వెలిగించి చూసుకోండి. ఇలాంటి చిన్న దండ తీసుకునే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. గోడ ప్లగ్గుకి పెట్టే సీరియల్ సెట్టు మాత్రం ఎవరు చెప్పినా కట్టొద్దు.

తీగలా మొత్తం వెలిగే ఈఎల్ వైరు కూడా దొరుకుతుంది. దాని చిన్న డబ్బా సుమారు వంద వోల్టుల ఏసీ తయారుచేస్తుంది, దోమలా సన్నగా రొద పెడుతుంది. చెమట పట్టే ఒంటికి అది నేను కట్టను.

ఇక వీడియోల్లో గౌను గౌనంతా వెన్నెల్లా వెలిగేది ఫైబర్ ఆప్టిక్ బట్ట. వెంట్రుకలాంటి ప్లాస్టిక్ పోగులు బట్టలోనే నేసి, చివర్ల దగ్గర ఎల్‌ఈడీలు పెడతారు, వెలుతురు పోగు పొడుగునా పక్కల నుంచి కారుతుంది. 2016లో న్యూయార్క్ మెట్ గాలా ఫ్యాషన్ వేడుకలో నటి క్లేర్ డేన్స్ వేసుకున్న డిజైనర్ జాక్ పోసెన్ గౌను అలాంటిదే, లోపల చిన్న చిన్న బ్యాటరీ పెట్టెలు కుట్టారు. దాన్ని మడత పెడితే పోగు విరుగుతుంది, ఇస్త్రీ పెడితే కరుగుతుంది. మన ఫంక్షన్లకి అంత అవసరం లేదు.

కాకినాడ కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, మీవారికి చెప్పండి, ఇందులో రేడియం లేదు. ఒకప్పుడు గడియారం ముళ్ళకి నిజంగానే రేడియం రంగు పూసేవారు. అమెరికాలో 1917 తర్వాత ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నబడాలని పెదాలతో తడిపేవారు, పాపం చాలామందికి దవడ ఎముకలు పుచ్చిపోయాయి. ఇప్పుడు వాడే స్ట్రాన్షియం అల్యూమినేట్‌ని 1993లో జపాన్‌లో నెమోటో కంపెనీ వాళ్ళు తయారుచేశారు. యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాలు రవ్వంత కలుపుతారు. రేడియోధార్మికత ఏమీ లేదు, పగలు తీసుకున్న వెలుతురునే తిరిగి ఇస్తుంది. కాకపోతే ఈ పొడికి తడి పడదు. పూత పగిలి నీళ్ళు చేరితే మెల్లగా పాడై వెలుగు చచ్చిపోతుంది. అందుకే నానబెట్టకూడదు, పిండకూడదు. మురికైతే తిరగేసి చన్నీళ్ళలో ఒకసారి జాడించి నీడన ఆరేయాలి. దాచేటప్పుడు మడత పెట్టకుండా అట్టగొట్టానికి చుట్టండి. ఇస్త్రీ వెనకవైపు నుంచి, పైన గుడ్డ వేసి, తక్కువ వేడితో పెట్టాలి.

ఇప్పుడు వాసన. బజారులో వాసన బట్ట అని వచ్చేవాటిలో ఎక్కువ భాగం మైక్రోక్యాప్సూల్స్ రకం. సెంటు నూనెని కంటికి కనపడని బుడగల్లో పెట్టి, జిగురుతో నూలుకి అంటిస్తారు. చాలావాటి సైజు వెంట్రుక మందం కంటే తక్కువే. రాపిడికి బుడగ పగిలి వాసన బయటికొస్తుంది. 1950లలో అమెరికాలో కార్బన్ పెట్టకుండానే కాపీ పడే కాగితం కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. అక్కడ బుడగల్లో సెంటుకి బదులు సిరా రసాయనం ఉండేది. బట్టల కండిషనర్ పోసి ఉతికిన తువ్వాలు రెండు రోజుల తర్వాత ముఖం తుడుచుకుంటే మళ్ళీ ఘుమఘుమలాడుతుంది చూశారా, చాలా కండిషనర్లలో ఉండేవి ఈ బుడగలే. పగిలిన బుడగ మళ్ళీ నిండదు కాబట్టి ఉతికిన కొద్దీ వాసన తగ్గుతుంది. వేడి ఇస్త్రీ అయితే ఒక్క దెబ్బకి చాలా వాసన ఆవిరైపోతుంది.

ఇంకో రకం ఉంది, నాకు అదే ముచ్చటగా అనిపిస్తుంది. పిండిపదార్థం నుంచి ఎంజైముతో సైక్లోడెక్స్ట్రిన్ అనే పదార్థం తీస్తారు. బట్టలకి ఎక్కువగా వాడే రకం ఏడు గ్లూకోజ్ ముక్కలు గుండ్రంగా చేతులు పట్టుకున్నట్టు ఉంటుంది, మధ్యలో ఖాళీ. నూనెలాంటి సెంటు అణువు ఆ ఖాళీలో ఇరుక్కుని కూర్చుంటుంది. దీన్ని నూలుకి శాశ్వతంగా అతికించవచ్చు. వాసన అయిపోతే మళ్ళీ సెంటు పట్టించుకోవచ్చు. చెమట, తేమ తగిలితే లోపలున్న వాసన బయటికి వస్తుంది. మన గోదావరి జిల్లాల గాలిలో తేమకి కొదవేముంది, మే నెలలో అయితే తొందరగానే ఖాళీ అవుతుంది.

బండారులంక మగ్గం:
సిరిసిల్ల నల్ల విజయ్ గారు అగ్గిపెట్టెలో పట్టే చీరతో పాటు సువాసన వచ్చే చీర కూడా నేసి పేపర్లకెక్కారు. అలాంటివి పనితనం చూపించడానికి నేసేవి. మీ కేసు వేరు. పట్టు లంగా జరీ మీద ఏ సెంటూ కొట్టొద్దు, ఏ జిగురూ వేయొద్దు చెల్లెమ్మా. మంచి జరీలో వెండి ఉంటుంది, సెంటు, చెమట తగిలితే నల్లబడుతుంది. పట్టు మీద నూనె సెంటు మరక పడితే డ్రైక్లీనింగ్‌కిచ్చినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. అతికించే పూత ఏదైనా పట్టుకి ఉండే మెత్తదనాన్ని చంపేస్తుంది.

వాసన లైనింగ్‌కి పెట్టండి. లంగా లోపల నూలు లైనింగ్ విడిగా కుట్టి, నడుము పట్టీకి టిచ్ బటన్లతో తగిలించండి. దానికి మా ఇంటి పద్ధతే చాలు. వారం ముందు నుంచి ట్రంకు పెట్టెలో కచ్చూరాలు, వట్టివేళ్ళు, దొరికితే ఒక మొగలిరేకు పల్చటి గుడ్డలో కట్టి ఆ లైనింగ్ మడతల మధ్య పెట్టండి. కలరా ఉండలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, వాటి కంపు ముందు మొగలి కూడా ఓడిపోతుంది. మల్లెల వాసనే కావాలంటే తల్లో నాలుగు మూరలు పెట్టండి, కడియపులంక పూల మార్కెట్ ఉండగా ప్లాస్టిక్ బుడగల్లో మల్లెలెందుకు?

కాకినాడ కెమిస్ట్రీ మాస్టారు:
ఆయ్, ఆ మాటకి నేనూ ఓటేస్తాను. ఒక్క జాగ్రత్త. పిల్లకి సెంట్లు, సబ్బులు పడక దద్దుర్లొచ్చే ఒళ్ళయితే వాసన పట్టించిన గుడ్డ నేరుగా చర్మానికి తగలకూడదు. లైనింగ్‌కి లోపల మామూలు లంగా వేయించండి.

ఉండి చెరువుల కుర్రాడు:
మధ్యలో నాదొక డౌటండి. మా నాన్న రాత్రిళ్ళు రొయ్యల చెరువు మీద ఏరియేటర్లు చూడ్డానికి కాలువ గట్టు మీద సైకిలేసుకుని వెళ్తారు. ఈ వెలిగే బట్టతో చొక్కా కుట్టిస్తే బళ్ళవాళ్ళకి కనిపిస్తారా?

రాజమండ్రి డ్యాన్స్ డ్రెస్సులు:
వద్దు తమ్ముడూ. నాన్నగారు వెళ్ళే అర్ధరాత్రికి అది నీరసించిపోతుంది. ఆయనకి కావాల్సింది రిఫ్లెక్టివ్ టేపు. అందులో ఉండే సన్నటి గాజుపూసలు హెడ్‌లైటు వెలుతురుని వచ్చిన దారినే తిప్పి పంపిస్తాయి, బండి నడిపేవాడి కంటికి దూరం నుంచే తెల్లగా కొడుతుంది. రోడ్డు పనివాళ్ళ జాకెట్ల మీద వెండిరంగు పట్టీ అదే. వీపు మీద, రెండు చీలమండల దగ్గర కుట్టించు. పెడలు తొక్కుతుంటే కాళ్ళు పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి మనిషని వెంటనే తెలుస్తుంది. వెనక నుంచి లైటు లేని బండి వస్తే ఈ టేపు కూడా కనపడదు, అందుకని సైకిలు వెనక మినుకు మినుకుమనే ఎర్రలైటు ఒకటి తగిలించు.

నరసాపురం లేసు:
అప్లిక్‌కి బదులు ఇంకో మాట చెప్పనా వదినా? చీకట్లో వెలిగే ఎంబ్రాయిడరీ దారం విడిగా దొరుకుతుంది. కాస్త బిరుసుగా ఉంటుంది, పొడుగు తీసుకుంటే పీచులు లేస్తుంది, అందుకని మూరెడు మూరెడు ముక్కలే పెద్ద కన్నం సూదికి ఎక్కించాలి. మగ్గం వర్క్‌లో బుటాల చుట్టూ ఒక వరస వేయించండి, చాలు. లేదంటే లేతాకుపచ్చ గ్లో నూలు దొరికితే మా వాళ్ళు క్రోషా లేసు అల్లిస్తారు. ఓణీ అంచుకి పొడుగు కుట్లతో తగిలిస్తే ఫంక్షన్ అయ్యాక విప్పేసుకోవచ్చు.

పాలకొల్లు కుట్టుమిషన్:
అందరికీ థాంక్సండి. పట్టు లంగా జోలికి వెళ్ళను. నెట్ ఓణీకి అప్లిక్ పూలు, లంగాకి విడి లైనింగ్, కచ్చూరాలు. లైట్ల దండ సంగతి వాళ్ళ నాన్నగారితో మాట్లాడి చెప్తాను. ఆఖరిది ఒక్కటి, ఆ రబ్బరు బట్ట మిషను మీద కదలట్లేదు, ఫుట్‌కి అతుక్కుపోతోంది. సూది ఎంత నంబరు వేయాలి?

రాజమండ్రి డ్యాన్స్ డ్రెస్సులు:
14 నంబరు కొత్త సూది, కుట్టు పొడుగ్గా పెట్టండి. దగ్గర దగ్గరగా కుడితే కన్నాల వెంబడి చిరిగిపోతుంది. ఫుట్ అడుగున సెల్లో టేపు ముక్క అంటించండి, జారుతుంది. గుండుసూదులు గుచ్చకండి, ఆ కన్నాలు పూడవు, బట్టల క్లిప్పులు వాడండి. ఆ పొడి గరుకు, కత్తెర పదును తినేస్తుంది. మంచి కత్తెర పక్కన పెట్టి పాతదాంతో కత్తిరించండి.