రేగడి నేలలో మిద్దె నీళ్ళు: గోడ పక్కన ఇంకుడు గుంతలోకా, రోడ్డు కాలవలోకా?

రేగడి_మూల (ఒంగోలు)

నమస్తే అందరికీ. ఇంట్లో రెండు వారాల నుంచి ఇదే గొడవ. మీరన్నా ఒక దారి చెప్పండి.

మాది ఒంగోలు. వానొస్తే చెప్పులు లాగేసుకునే నల్లరేగడి. ఇల్లు కట్టి తొమ్మిదేళ్ళు, కింద ఒక్క అంతస్తే, స్లాబు సుమారు 1000 చదరపు అడుగులు. మిద్దె నీళ్ళన్నీ ఈశాన్యం మూలకే వాలు పెట్టి ఒక్కటే పైపు దించారు. వాస్తు కుదిరింది, రెండో పైపు ఖర్చు మిగిలింది అని అప్పుడు అందరం సంతోషించాం. ఆ పైపు గోడకి అడుగు దూరంలో, ఉత్త మట్టి మీద ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ వాన అక్కడే పడింది.

ఇప్పుడు ఆ మూల కిటికీ పై చివర్నుంచి శ్లాబు దాకా మెట్లు మెట్లుగా పగులు. పోయిన మే నెలలో రూపాయి బిళ్ళ నిలువునా దూరింది. కార్తీకంలో వానలు పడ్డాక చూస్తే పోస్టుకార్డు కూడా దూరలా. రెండుసార్లు లప్పం పెట్టి రంగేయించా. రెండుసార్లూ ఎండాకాలం రాగానే మళ్ళీ నోరు తెరిచింది.

కాంట్రాక్టరేమో గోడకి మూడడుగుల దూరంలో 4 అడుగులు పొడవు, 4 వెడల్పు, 6 లోతు ఇంకుడు గుంత తవ్వి పైపు అందులో పడేద్దాం, నీళ్ళూ ఇంకుతాయి, మున్సిపాలిటీ వాళ్ళ మాటా చెల్లుద్ది అంటాడు. మా బావమరిదేమో గుంతా లేదు గింతా లేదు, పైపు తిన్నగా రోడ్డు కాలవలో కలిపెయ్ బావా అంటాడు. ఎవరి మాట వినాలి?

పెన్న_గట్టు (నెల్లూరు)

ఇందులో అడిగేదేముందన్నా, గుంతే. మా ఇంట్లో తవ్వించి ఎనిమిదేళ్ళయింది. గోడకి సరిగ్గా నాలుగడుగుల దూరం. ఎంత వాన పడినా అరగంటకి చుక్క కనపడదు, గ్లాసులో మజ్జిగ తాగినట్టు తాగేస్తది. మా వీధిలో మొదట ఎండిపోయే బోరు మాదే, ఇప్పుడు మే నెల దాటుతోంది. మాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడిపోద్ది. ఆ మూడు నెలలు పట్టుకోకపోతే ఇంకెప్పుడు పట్టుకుంటావు? పైనుంచి ఊరికే వచ్చే నీళ్ళు కాలవలోకి తోలేసి, ఎండాకాలం ట్యాంకరోడి కాళ్ళు పట్టుకోవడం ఏం తెలివి చెప్పు. మీ బావమరిది ఏ బెంగుళూరులోనో ఉండుంటాడు.

రేగడి_మూల

హైదరాబాదు. దగ్గరగానే చెప్పారు.

విశ్రాంత_సివిల్

నేను ముప్పై ఏళ్ళు ప్రకాశం జిల్లాలోనే సర్కారు కట్టడాలు కట్టించి రిటైరయ్యాను. నెల్లూరు తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది ఆయన ఇంటికి నిజం. పెన్న పక్క ఇసుక నేల నీళ్ళు తాగుద్ది గానీ ఉబ్బదు, కుంగదు. రేగడి తాగదు, తాగిన ఆ కాస్తకే ఉబ్బుద్ది, ఎండితే ముడుచుకుంటది. ఎండాకాలం చేలో నెర్రెలు చూశారుగా, చెయ్యి మోచేతి దాకా దిగుద్ది. మీ పునాది కింద ఉన్నదీ ఆ మట్టే.

బాబూ, మీ పగులు మేలో తెరుచుకుని కార్తీకంలో మూసుకుంటోందన్నారు కదా. జబ్బు అక్కడే దొరికింది. ఆ మూల వానాకాలం లేస్తోంది, ఎండాకాలం దిగుతోంది. ఇల్లంతా కలిసి లేచి కలిసి దిగితే ఏ గోడా పగలదు. మధ్య గదుల కింద మట్టి ఏడాది పొడుగునా ఒకే తేమలో ఉంటది, మీ ఈశాన్యం మూలకి మాత్రం మిద్దె మొత్తం నీళ్ళు. అందుకని ఆ ఒక్క మూలే ఊగుతోంది. దాని పక్కన మూడడుగుల్లో గుంత తవ్వితే నీళ్ళు పైనుంచి పడకుండా ఆరడుగుల లోతున, పునాది అడుగుభాగం కంటే కిందికి పోసినట్టు. అంతకన్నా తేడా ఏం లేదు.

ఇక లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ శ్లాబు 93 చదరపు మీటర్లు. అంటే సెంటీమీటరు వానకి 930 లీటర్లు. కాంట్రాక్టరు చెప్పిన గుంత 96 ఘనపుటడుగులు, ఖాళీగా ఉంటే 2700 లీటర్లు పట్టుద్ది. కానీ అందులో రాళ్ళు, కంకర పోస్తారుగా, సందుల్లో మిగిలేది 40 శాతం. 1100 లీటర్లు కూడా సరిగ్గా పట్టదు. ఒక సెంటీమీటరు పైన ఇంకో రెండు చినుకులు పడితే గుంత నిండి పొర్లుద్ది. తుపాను రోజు మనకి 10 సెంటీమీటర్లు వింత కాదు. మిగతా ఎనిమిది వేల చిల్లర లీటర్లు ఎక్కడికి పోతాయి? రేగడిలోకి పోవు. మీ గోడ మొదట్లోకే.

పెన్న_గట్టు

సార్, లెక్క బాగుంది. మరి గవర్నమెంటోళ్ళు ఊరూరా ఇంకుడు గుంతలు తవ్వమని మైకులేసి మరీ చెప్పారు గదా, ఒంగోలు వద్దు అన్నారా? 2002లో వాల్టా చట్టం (నీళ్ళు, నేల, చెట్ల రక్షణ చట్టం) తెచ్చింది కూడా భూగర్భ జలాలు నిలబెట్టుకోవడానికే గదా.

విశ్రాంత_సివిల్

తవ్వొద్దని నేననలా. గోడ పక్కన వద్దన్నాను. రేగట్లో గుంతకీ పునాదికీ కనీసం పదడుగులు దూరం, పదిహేను ఉంటే ఇంకా మేలు. తవ్వే ముందు చిన్న పరీక్ష చెయ్యండి. అడుగు లోతు గుంట తీసి సాయంత్రం నిండా నీళ్ళు పొయ్యండి, ఇంకిపోతే మళ్ళీ నింపండి. పొద్దున లేచి పుల్ల పెట్టి కొలవండి. మీ నేల సంగతి మీ కాంట్రాక్టరు కన్నా ఆ పుల్ల బాగా చెప్పుద్ది.

తాపీ_చేతులు (చీమకుర్తి)

సార్ చదువుకున్నోళ్ళు, కాదనను. కానీ మా నాన్న, నేను కలిసి రేగట్లో వందల పునాదులు వేశాం. పునాది గుంటలో రెండడుగులు ఇసుక పోసి, నీళ్ళు కొట్టి కూరి, దాని మీద రాయి కడతాం. ఇసుక ఉంటే రేగడి ఉబ్బినా ఆ ఇసుకే సర్దుకుంటది, గోడ మీదికి రానీదు. ఈ ఇల్లు కట్టినోడు ఇసుక ఎగ్గొట్టుంటాడు, అందుకే పగిలింది. నీళ్ళ మీద తోస్తే ఎట్టా?

రేగడి_మూల

ఇసుక పోశారు మేస్త్రీ. నేనే దగ్గరుండి ట్రాక్టర్లు లెక్కపెట్టుకున్నా.

విశ్రాంత_సివిల్

మేస్త్రి చెప్పిన ఇసుక మంచిదే. పై నీళ్ళు అందులోకి దిగనంత వరకు. ఒకసారి ఊహించుకోండి: చుట్టూ నీళ్ళు పోనివ్వని బంకమట్టి, మధ్యలో గోడ పొడుగునా ఇసుక నింపిన కందకం. ఈశాన్యం మూల మిద్దె నీళ్ళు దిగాయనుకోండి, అవి ఆ మూల ఆగవు. ఇసుక పట్టుకుని గోడ కిందే పాకుతా పోతాయి. బయటికి దారి లేదు కాబట్టి నిలవుంటాయి. కింద రేగడి రోజుల తరబడి నానుద్ది. తొట్లో నీళ్ళు పోసి, ఆ తొట్టి మీద ఇల్లు కూర్చోబెట్టినట్టు. పైన అప్రాన్, అంటే గోడ చుట్టూ నేల మీద కాంక్రీటు పట్టీ, వేసి నీళ్ళు రాకుండా చేస్తేనే ఇసుకకి విలువ. పైపు మట్టి మీద వదిలేసిన ఇంటికి ఆ ఇసుకే శత్రువు.

తాపీ_చేతులు

అది ఒప్పుకుంటా. మేమూ అప్రాన్ వెయ్యమనే చెప్తాం. గృహప్రవేశం అయిపోగానే ఓనర్లు డబ్బుల్లేవంటారు. ఆ డబ్బు పోయి గేటు మీద సింహం బొమ్మలవుద్ది.

చూరు_కింద (కనిగిరి వైపు)

నీళ్ళు ఎట్టా వదిలించుకోవాలా అని ఇంతమంది ఇంత ఇదిగా కొట్లాడుకుంటుంటే నవ్వొస్తంది. మా వైపు రండి ఒకసారి. బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు, పైగా కఠిన నీళ్ళు, వాటితో కందిపప్పు మూడు విజిళ్ళకి కూడా రాళ్ళలాగే ఉంటది. మా అమ్మ పెంకుటింటి చూరుకి రేకు దోనె కట్టించి కింద డ్రమ్ములు పెట్టేది. మొదటి వాన నీళ్ళు పారబోసేది, పెంకుల మీద దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయని. రెండో వాన నుంచి గుడ్డ కట్టి పట్టేది. ఆ నీళ్ళతో పప్పు వెన్నలా ఉడికేది, తలంటుకుంటే జుట్టు పట్టులా ఉండేది. దోనె నుంచి చుక్క కూడా గోడ మొదట్లో పడనిచ్చేది కాదు. గోడ మీద ప్రేమతో కాదులెండి, నీళ్ళ మీద ఆశతో. ఆ మట్టిగోడ ఇల్లు ఈనాటికీ నిలబడే ఉంది.

తమ్ముడూ, ఆ పైపు కింద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి పెట్టుకో. నిండాక పొర్లేది ఎక్కడికి పోవాలో తర్వాత కొట్లాడుకోండి.

విశ్రాంత_సివిల్

అమ్మ మాట బాగుంది. ఒక్కటే జాగ్రత్త, ట్యాంకు నేల మీదే ఉండాలి. గోడ పక్కన సంపు తవ్వి, దానికి సన్నటి లీకు పడితే పన్నెండు నెలలూ నీళ్ళు పెట్టినట్టే.

మూలాపేట_వాసి (నెల్లూరు)

రోడ్డు కాలవ పార్టీకి ఒక మాట. మా వీధిలో పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది, దాని మీద ఇంకోటి వేసుకుంటా పోయారు. నా చిన్నప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి పోయేవాళ్ళం, ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం. 2021 నవంబరు వానలు గుర్తున్నాయిగా. పెన్న పొంగి పడుగుపాడు కాడ హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయిన వానలు. ఏటి నీళ్ళు మా ఇంటిదాకా రాలా. మా మిద్దె నీళ్ళే వచ్చినయి. పైపు కాలవలోకి ముంచి కలిపాం, కాలవ నిండి వెనక్కి తన్నింది. వరండాలో ఉన్న తూములోంచి బుడబుడమని మురుగు. పరుపులు మంచాల మీద, మంచాలు ఇటుకల మీద.

కాలవలోకి వదలాలంటే పైపు మూతి కాలవ అంచు కన్నా పైన ఉండాలి, నీళ్ళు అందులోకి పడాలే గానీ మునిగి ఉండకూడదు. మీ ఇంటి నేల ఎత్తు, కాలవ ఎత్తు ముందు లెవెల్ ట్యూబుతో చూసుకోండి. సన్నటి ట్యూబులో నీళ్ళు పోసి పట్టుకుంటే చాలు, మేస్త్రీలందరి దగ్గరా ఉంటది.

వకీలు_గారబ్బాయి

పనిలో పని, పక్కింటోళ్ళ ఖాళీ స్థలంలోకి వదిలేద్దాం అని ఎవరూ సలహా ఇవ్వకముందే చెప్తున్నా. చూరు నీళ్ళు పక్క స్థలంలో పడేసే హక్కు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కింద వస్తది గానీ, 20 ఏళ్ళు బహిరంగంగా, అడ్డు లేకుండా అట్టా వదిలి ఉండాలి. తొమ్మిదేళ్ళ ఇంటికి ఆ ముచ్చట లేదు.

పెన్న_గట్టు

నాదొక అనుమానం సార్. పగులు తెరుచుకునేది ఎండాకాలం అంటున్నారు. మరి అప్పుడు మట్టి ఎండకుండా రోజూ ఆ మూల రెండు బిందెలు నీళ్ళు పోస్తే సరిపోదా? నీళ్ళు ఎక్కువై కాదు, తక్కువై గదా పగిలేది?

విశ్రాంత_సివిల్

మంచి ప్రశ్న వేశావు. మట్టిలో తేమ ఏడాదంతా ఒకేలా ఉంచగలిగితే ఇల్లు కదలదు, సిద్ధాంతం వరకు అది నిజమే. చేత్తో బిందెలు పోసి అది సాధించలేం. ఒకరోజు మర్చిపోతాం, ఇంకోరోజు నాలుగు బిందెలు పోస్తాం, వానాకాలం దాని మీద మిద్దె నీళ్ళు. అదే ఊగుడు ఇంకాస్త పెద్దదవుద్ది. మనిషి వల్ల అయ్యేది ఎండనీ వాననీ గోడ మొదట్లోకి రాకుండా మూత వెయ్యడం. ఇంటి చుట్టూ, ఆ ఒక్క మూలే కాదు, నాలుగు వైపులా నాలుగైదు అడుగుల వెడల్పు అప్రాన్. పైన అడుగు మందం రేగడి తీసేసి గ్రావెల్ పోసి కూరి, దాని మీద కాంక్రీటు, గోడ నుంచి బయటికి వాలు. గోడకీ అప్రాన్‌కీ మధ్య సందులో తారు నింపాలి, సిమెంటు కాదు. సిమెంటు పెడితే మొదటి ఎండాకాలమే విడిపోద్ది.

బాబూ, ఆ మూల దగ్గర చెట్టేమన్నా ఉందా?

రేగడి_మూల

ఉంది సార్. వేప. కిటికీకి ఎనిమిదడుగులు ఉంటదేమో. ఇల్లు కట్టిన ఏడాది నాటాం, ఇప్పుడు మిద్దె మీదికి వచ్చింది.

విశ్రాంత_సివిల్

అనుకున్నా. వానాకాలం పైపు తాగిస్తది, ఎండాకాలం వేప పీల్చేస్తది. ఇద్దరూ కలిసి ఆ మూలని వాయిస్తున్నారు.

చూరు_కింద

చెట్టు కొట్టెయ్యమనకండి సార్ దయచేసి.

విశ్రాంత_సివిల్

అనను తల్లీ. ఒక్కసారిగా కొట్టేసినా ఇబ్బందే, అది పీల్చే నీళ్ళన్నీ మట్టిలోనే ఉండిపోయి నేల ఉబ్బుద్ది. ఏటా కొమ్మలు నరికిస్తే చాలు, ఆకు తగ్గితే తాగడమూ తగ్గుద్ది. పగులుకి మాత్రం ఇప్పుడే లప్పం పెట్టకండి. రెండు పక్కలా పెన్సిలుతో గీత గీసి, మధ్య దూరం కొలిచి తేదీ వెయ్యండి. నెలకోసారి చూడండి. ఒక ఏడాది కదలకుండా ఉంటే అప్పుడు పూడ్చుకోవచ్చు. పైన నేను చెప్పిన పనులన్నీ చేశాక కూడా పెరుగుతుంటే ఎవరన్నా ఇంజనీరుని ఇంటికి పిలిపించి చూపించండి, ఇట్టా రాతల మీద తేల్చుకునే పని కాదది.

రేగడి_మూల

మూడు వారాలయింది, చేసింది చెప్తా.

ముందు సార్ చెప్పిన గుంట పరీక్ష. సాయంత్రం ఆరింటికి నింపా, అరగంటలో సగం పోయింది. పెన్న_గట్టు అన్న మాటే నిజమేమో అనుకున్నా. పై నెర్రెల్లోకి పోయిందని తర్వాత తెలిసింది. మళ్ళీ నింపి పడుకున్నా. పొద్దున ఆరింటికి చూస్తే దిగింది రెండు వేళ్ళ మందం. గుంటలో నీళ్ళలో వేపాకు తేలుతా ఉంది. కాంట్రాక్టర్ని పిలిచి చూపిస్తే ఏం మాట్లాడకుండా టీ తాగి వెళ్ళాడు.

లెవెల్ ట్యూబు పట్టించా. కాలవ అంచు మా అప్రాన్ చోటు కన్నా జానెడు కింద ఉంది, అదృష్టం. పైపుని మూల దగ్గర బెండు పెట్టి ప్రహరీ పక్కనుంచి నాలుగంగుళాల పైపుతో గేటు దాకా తెచ్చాం. 30 అడుగులకి నాలుగు అంగుళాల వాలు. మధ్యలో అక్క చెప్పినట్టు వెయ్యి లీటర్ల ట్యాంకు, ఇటుకల దిమ్మె మీద. అది నిండితే గేటు దగ్గర చిన్న ఇంకుడు గుంతలోకి, గోడకి పదహారు అడుగుల దూరం. అదీ నిండితే కాలవలోకి, మూతి అంచుకి పైనే. మా బావమరిదికి ఫోటో పంపితే "నేను చెప్పిందే చేశావు" అన్నాడు. కాంట్రాక్టరూ అదే అన్నాడు.

అప్రాన్ రెండు వైపులే అయింది. మిగతా రెండూ సంక్రాంతి అయ్యాక. సింహాలు పెట్టించలేదు మేస్త్రీ.

నిన్న రాత్రి గంటసేపు గట్టి వాన. టార్చి వేసుకుని గొడుగు పట్టుకుని ఆ మూలకి పోయి నిలబడ్డా. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అక్కడ నీళ్ళ చప్పుడు లేదు. ట్యాంకు ఇరవై నిమిషాల్లో నిండింది. ఈ పొద్దున పప్పు ఆ నీళ్ళతోనే, అక్క చెప్పింది నిజం.

పెన్న_గట్టు

గుంత కూడా పెట్టావు గదన్నా, అయితే నేనూ గెలిచినట్టే.

తాపీ_చేతులు

అది సరేగానీ, పైన మిద్దె మీద పైపు మూతికి జాలీ బిగించావా? వేప ఆకు రాలే కాలం వస్తంది.

రేగడి_మూల

లేదు మేస్త్రీ. ఇప్పుడే నిచ్చెన ఎక్కుతున్నా.