దీపం వెలుగుతోంది, పళ్ళెం తిరుగుతోంది, అన్నం మాత్రం వేడెక్కడం లేదు

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

మా ఇంట్లో ఏడేళ్ళ క్రితం కొన్న 20 లీటర్ల సోలో మైక్రోవేవ్ ఓవెన్ ఉంది. పది రోజులుగా స్టార్ట్ నొక్కగానే లోపల దీపం వెలుగుతోంది, గాజు పళ్ళెం తిరుగుతోంది, ఫ్యాను చప్పుడు కూడా వినిపిస్తోంది, కానీ రెండు నిమిషాలు ఉంచినా అన్నం చల్లగానే ఉంటోంది. ఇంటికి వచ్చిన మెకానిక్ పైమూత విప్పకుండానే మాగ్నెట్రాన్ (వేడి పుట్టించే తరంగాలను తయారుచేసే భాగం) పోయిందనీ, 3,000 రూపాయలు అవుతుందనీ చెప్పి, చూసినందుకు 350 తీసుకొని వెళ్ళారు. మావారికి మిక్సీ, ఇస్త్రీపెట్టె విప్పి బాగుచేసిన అలవాటు ఉంది, ఇంట్లో మల్టీమీటరు కూడా ఉంది. ప్లగ్గు తీసేసి మేమే విప్పి చూడవచ్చా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ చివరి వాక్యానికే ముందు జవాబు చెబుతాను. మిక్సీకి ప్లగ్గు తీస్తే అందులో కరెంటు ఉండదు, ఓవెన్‌కు ప్లగ్గు తీసినా ఉండవచ్చు. ఇంట్లోకి వచ్చే 230 వోల్టులను లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2,000 వోల్టులకు పెంచితే, దాని పక్కన ఉండే కెపాసిటరు, డయోడు కలిసి దాన్ని 4,000 వోల్టుల దరిదాపులకు తీసుకువెళ్ళి మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ఆ కెపాసిటరు కరెంటు తీసేసిన తరువాత కూడా ప్రాణం తీయగలంత విద్యుత్తును నిలవ ఉంచుకోగలదు. దాన్ని మెల్లగా ఖాళీ చేయడానికి సాధారణంగా లోపలే ఒక రెసిస్టరు అమర్చి ఉంటుంది, కానీ అది తెగిపోయిందో లేదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. మీవారి నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అయినా ఆ పైమూత విప్పవద్దనే చెబుతాను.

అయితే మూత విప్పకుండానే తెలుసుకోదగినది చాలా ఉంది. పవర్ స్థాయి పొరపాటున 10 శాతానికో, డీఫ్రాస్ట్‌కో మారిందేమో ముందు చూడండి. కొన్ని మోడళ్ళలో దుకాణంలో ప్రదర్శించడం కోసం డెమో పద్ధతి ఒకటి ఉంటుంది. అందులోకి వెళ్తే దీపమూ పళ్ళెమూ మామూలుగానే పనిచేస్తాయి, వేడి మాత్రం పుట్టదు. ఈ రెండూ కాకపోతే లోపల ఒక గ్లాసు నీళ్ళు పెట్టి (ఖాళీగా ఎన్నడూ నడపకూడదు), వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి, స్టార్ట్ నొక్కి శ్రద్ధగా వినండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు అందినప్పుడు ఫ్యాను చప్పుడుకు తోడుగా సన్నగా "గుయ్" మనే మోత రావాలి. ఆ మోత మామూలుగా వస్తూ వేడి లేకపోతే తప్పు మాగ్నెట్రాన్, డయోడు, కెపాసిటరు ఉన్న వైపు ఉండవచ్చు. మోత విపరీతంగా, బరువుగా ఉంటే ఆ భాగాల్లో ఏదో షార్ట్ అయిందని అనుమానించి వెంటనే ఆపేయండి. మోతే లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దాకా కరెంటు చేరడం లేదని అర్థం. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో నడిచే ఇన్వర్టర్ రకం ఓవెన్‌లకు ఈ గుర్తు వర్తించదు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, మీరు చెప్పినట్లు విన్నాము. పవర్ స్థాయి సరిగానే ఉంది, మోత మాత్రం లేదు. అయితే ఒక విషయం గమనించాము. తలుపును చేత్తో కొంచెం పైకెత్తి లోపలికి నొక్కి పట్టుకుంటే మోత వస్తోంది, నీళ్ళు కూడా వేడెక్కుతున్నాయి. మా అబ్బాయి తలుపు తెరిచి దానిమీద గిన్నె ఆనించే అలవాటు వల్ల అది కొంచెం వాలింది.

జవాబు (బ్రాడీపేట)

మీరు సగం మరమ్మతు చేసేశారమ్మా. నీళ్ళు వేడెక్కాయంటే మాగ్నెట్రాన్ బ్రతికే ఉంది. తలుపు వాలడం వల్ల దాని కొక్కేలు లోపలి స్విచ్చులను పూర్తిగా నొక్కడం లేదు, లేదా ఆ స్విచ్చుల్లో కాంటాక్టులు కాలిపోయాయి. సాధారణంగా అక్కడ మూడు మైక్రో స్విచ్చులు ఉంటాయి. రెండు స్విచ్చులు తలుపు తెరవగానే కరెంటు తెంపుతాయి. మూడోది ఆ రెండింటికీ కాపలాదారు. ఏదైనా అతుక్కుపోయి తలుపు తెరిచినా కరెంటు ఆగకపోతే, అది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును పేల్చేస్తుంది. తలుపు తీస్తున్నప్పుడో వేస్తున్నప్పుడో ఓవెన్ ఫ్యూజు పోతోందంటే చాలాసార్లు కారణం ఇదే. పూర్వం ఇళ్ళలో కిట్‌క్యాట్ ఫ్యూజుకు చేతికందిన రాగి తీగ చుట్టినట్లు ఇక్కడ కూడా చేసేవారు ఉన్నారు, అది మహాపరాధం.

తలుపు నొక్కి పట్టుకొని నడపడం ఇకమీదట చేయకండి. వాలిన తలుపు అంచుల నుంచి తరంగాలు బయటికి రావచ్చు. తలుపుకు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి లీకు ఉండకూడదన్నది ప్రమాణం, దాన్ని కొలవడానికి మీటరు కావాలి. సెల్‌ఫోను లోపల పెట్టి రింగు అవుతుందో లేదో చూసే పరీక్షను నమ్మవద్దు. స్విచ్చులు కూడా పైమూత కిందే ఉంటాయి కనుక ఆ పని మెకానిక్‌దే. ఈసారి "ఓవెన్ వేడెక్కడం లేదు" అని కాకుండా "తలుపు నొక్కితే వేడెక్కుతోంది, మూడు స్విచ్చులూ, కొక్కెమూ, హింజీలూ చూడండి" అని చెప్పండి. తీసిన స్విచ్చులు తిరిగి ఇవ్వమని అడగండి. స్విచ్చులు లేకుండా వైర్లు కలిపేస్తానంటే అక్కడినుంచి ఓవెన్ తెచ్చేసుకోండి.

ఇంకొకరు (పటమట)

మాస్టారూ, మా ఓవెన్ బాగానే వేడెక్కుతోంది కానీ నాలుగు రోజులుగా లోపల కుడి గోడ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి. ఇనుప వస్తువేదీ పెట్టలేదు. దీనికి కూడా మెకానిక్ కావాలా?

జవాబు (బ్రాడీపేట)

దీన్ని చాలావరకు మీరే చేసుకోవచ్చు. కుడి గోడకు అట్టముక్కలాంటి పలక ఒకటి ఉంటుంది, అది మైకా షీటు. తరంగాలు లోపలికి వచ్చే దారికి అది మూత. తాలింపు చిట్లి నూనె దానిమీద పడి, ఆ మరక మాడి బొగ్గయితే అక్కడే రవ్వలు లేస్తాయి. ప్లగ్గు తీసి, చిన్న స్క్రూనో క్లిప్పునో విప్పితే షీటు ఊడి వస్తుంది, పైమూతతో పని లేదు. వెనుక కనిపించే కంతలో మాత్రం ఏమీ పెట్టి కెలకవద్దు. పాత షీటును కొత్తదాని మీద పెట్టి పెన్సిలుతో గీసుకొని కత్తెరతో కత్తిరించండి. గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో అడిగి చూడండి. షీటు శుభ్రంగా ఉన్నా రవ్వలు వస్తే గోడల పెయింటు లేచిన చోటు వెతకండి, అంచుకు బంగారు గీత ఉన్న పింగాణీ గిన్నెలను కూడా అనుమానించండి. తుప్పు పట్టి రేకుకు చిల్లు పడితే ఆ ఓవెన్‌ను వదిలించుకోవడమే మేలు.

అన్నట్టు, పళ్ళెం ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిరుగుతోందని కొందరు కంగారుపడతారు. ఆ చిన్న మోటారు స్వభావమే అంత, అది రోగం కాదు.

మరొకరు (వన్‌టౌన్)

కెపాసిటరు రెండు కొసలనూ స్క్రూడ్రైవరుతో కలిపితే ఖాళీ అయిపోతుంది కదా, ఇంత భయం ఎందుకండీ?

జవాబు (బ్రాడీపేట)

ఆ పని మెకానిక్కులు చేయడం నేనూ చూశాను. వారిలో ఒకరి స్క్రూడ్రైవరు కొస కరిగి ఎగిరిన ముక్క కనుబొమకు తగలడం కూడా చూశాను. తగిన రెసిస్టరుతో, ఇన్సులేషన్ ఉన్న వైర్లతో, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకొని చేసే పద్ధతి వేరే ఉంది. దాన్ని ఒకరు పక్కన నిలబడి నేర్పాలే కానీ, ఇక్కడ రాసి నేర్పేది కాదు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, నిన్న వేరే మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్ళాము. మీరు చెప్పిన మాటలే చెప్పాము. ఒక స్విచ్చు కాంటాక్టు నల్లగా మాడిపోయి ఉంది. మూడు స్విచ్చులూ, కొక్కెం స్ప్రింగూ మార్చి, హింజీ బిగించి, మీటరుతో లీకు చూసి 650 రూపాయలు తీసుకున్నారు. ఇప్పుడు ఓవెన్ పూర్వపు బలంతోనే పనిచేస్తోందా అన్నది ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

జవాబు (బ్రాడీపేట)

గాజు పాత్రలో ఒక లీటరు నీళ్ళు పోసి వేడి కొలవండి, పూర్తి పవర్ మీద సరిగ్గా ఒక నిమిషం నడిపి, కలిపి, మళ్ళీ కొలవండి. లీటరు నీళ్ళు నిమిషంలో ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 70 వాట్లు కావాలి కనుక పెరిగిన డిగ్రీలను 70తో గుణిస్తే లెక్క తేలుతుంది. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, వంటకు వాడేది కావాలి.

ప్రశ్న అడిగినవారు

28 డిగ్రీల నుంచి 37కు పెరిగింది. ఓవెన్ వెనుక 700 వాట్లని రాసి ఉంది.

జవాబు (బ్రాడీపేట)

630 వాట్లన్నమాట. ఏడేళ్ళ ఓవెన్‌కు అది చక్కని లెక్క. మీ మాగ్నెట్రాన్‌కు ఏమీ కాలేదమ్మా.