పసుపుతో తీసిన ముద్ర వెలిసిపోతుంటే, దాన్ని ఫోటో అని ఒకరికి ఇవ్వవచ్చా?

శంఖుపూలు: మా పెద్దమ్మ వాళ్ల షష్టిపూర్తికి అమ్మమ్మ పాత ఫోటోను పసుపు ముద్రగా తీసి ఇచ్చాను. పసుపును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, నూలు గుడ్డలో వడగట్టి, డ్రాయింగ్ షీట్ మీద చీకటి గదిలో పూశాను. ఆరాక పైన ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్) మీద ప్రింట్ తీసిన అమ్మమ్మ బొమ్మ, దాని మీద ఫ్రేము అద్దం పెట్టి, మే ఎండలో మేడ మీద రెండు గంటలు ఉంచాను. తర్వాత వెలిగారం నీళ్లలో ముంచితే పసుపు కాస్తా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. చీర అంచులో జరీ గీతలు కూడా పడ్డాయి. పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

హాల్లో కిటికీకి ఎదురుగా తగిలించారు. రెండు నెలలకే ముఖం ఆనవాలు లేకుండా పోయింది. పెద్దమ్మ ఒక్క మాటా అనలేదు. ఫ్రేము తీసి బీరువాలో పెట్టేసింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఇలాంటివి ఇవ్వడం తప్పా?

గోదారిగట్టు: తప్పే అంటాను, ఏమీ అనుకోకండి. బొమ్మ పడటం ఒక ఎత్తు, నిలవడం ఒక ఎత్తు. వెండి లవణాల మీద బొమ్మ తెప్పించడం ముందే తెలుసు, కానీ అది వెలుతురులో నల్లబడిపోయేది. హైపో అనే రసాయనంతో కడిగి నిలబెట్టడం 1839లో వచ్చాకే ఫోటో ఇంట్లో పెట్టుకునే వస్తువైంది. మీది మంచి ప్రయోగం. కానీ అమ్మమ్మ జ్ఞాపకంగా ఇవ్వదగ్గది కాదు.

చీకటిగది: ఆ హైపో దారి చూపించిన ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెలే 1842లో పూల రసాలతో, ఆకు రసాలతో బొమ్మలు తీశాడండీ. నిలబెట్టడం ఎలాగో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా వీటిని నిలబెట్టలేకపోయాడు. మూడేళ్లకు శాస్త్రవేత్త మేరీ సోమర్‌విల్ కూడా మొక్కల రసాల మీద ఎండ ప్రభావం పరీక్షించి, ఆయనకే ఉత్తరం రాసింది.

ఎందుకు నిలవదో చెబుతాను. వెండి ఫోటోలో బొమ్మ వేరు, ఎండ తగలకుండా మిగిలిన లవణం వేరు. ఆ మిగిలినదాన్ని హైపో కరిగించి తీసేస్తుంది. ఇక్కడ ఎండ తగలకుండా మిగిలిన పసుపే బొమ్మ. దాన్ని కడిగేస్తే కాగితమే మిగులుతుంది, ఉంచితే వెలుతురు తినేస్తుంది. యూవీ (అతినీలలోహిత) కిరణాలను ఆపే అద్దం వేసినా పూర్తిగా ఆగదు, ఎందుకంటే పసుపును కంటికి కనబడే నీలి వెలుతురు కూడా విరగ్గొడుతుంది. వెలిగారం రంగు మారుస్తుంది, అంతే. బట్ట మీద పసుపు మరక పడితే సబ్బుకి ఎర్రబడి, ఎండలో ఆరేస్తే పోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు కదా. మీ మేడ మీద జరిగింది అదే.

కాబట్టి ఇవ్వడం తప్పు కాదు, చెప్పకుండా ఇవ్వడం తప్పు. గోడకు కాదు, ఆల్బమ్‌లో పెట్టుకోవాలని ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

గోదారిగట్టు: చెప్పి ఇచ్చినా, చూసిన ప్రతిసారీ కొంచెం పోతుందన్న టెన్షన్‌తో ఎవరు చూస్తారండీ? నిలవాలంటే సయనోటైప్ చేయండి. అదీ హెర్షెల్‌దే, అదీ 1842లోదే. ఇనుప లవణాలు, నీలం రంగు, నీళ్లతో కడిగితే చాలు.

శంఖుపూలు: ఆ లవణాలు కొని తెచ్చుకోవాలి కదండీ. అమ్మమ్మ కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి పసుపు చేసేది. నేను వాడింది ఆ డబ్బాలో పసుపే. అందుకే నీలం రంగులో ఆవిడను చూడాలనిపించలేదు.

చీకటిగది: ఇది ముందే చెప్పాల్సిందమ్మా. పెద్దమ్మకి తెలుసా ఈ సంగతి?

శంఖుపూలు: తెలియదు. నిన్న ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, డబ్బాలో ఇంకా ఉందా అని అడిగింది. రెండు చెంచాలు ఉంది. వచ్చే ఆదివారం తనే వస్తానంది, పూత తనే పూస్తుందట. ఈసారి నల్ల కాగితం కవరు కూడా కుట్టి ఉంచాను.