గర్భిణికి బీపీ పెరిగితే అందరికీ మెటానెఫ్రిన్ పరీక్ష చేయాలా?

వేకువ:
ఫియోక్రోమోసైటోమా అనేది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో వచ్చే అరుదైన గడ్డ. అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఉన్నట్టుండి రక్తంలోకి వదిలి బీపీని ఎగదోస్తుంది. గర్భిణుల్లో దీన్ని చాలాసార్లు ప్రీఎక్లాంప్సియా (గర్భం వల్ల బీపీ పెరిగి, సాధారణంగా మూత్రంలో ప్రోటీన్ కూడా పోయే సమస్య) అనుకుంటారు. కనిపెట్టకుండా ప్రసవం దాకా వెళ్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. ముందే తెలిస్తే తల్లిని దాదాపు ఎప్పుడూ కాపాడుకోవచ్చు. అందుకే బీపీ ఉన్న ప్రతి గర్భిణికీ రక్తంలో మెటానెఫ్రిన్లు (ఈ హార్మోన్లు విరిగి ఏర్పడే పదార్థాలు) చూడాలంటాను.

నీలిమేఘం:
నేను ఒప్పుకోను. గర్భిణుల్లో వందకు 5 నుంచి 10 మందికి బీపీ సమస్య వస్తుంది. ఈ గడ్డ 10,000 గర్భాల్లో ఒకదానిలో కూడా ఉండదు. అందరికీ చేస్తే వచ్చే పాజిటివ్‌లలో ఎక్కువ భాగం తప్పుడువే. కూర్చోబెట్టి రక్తం తీసినా, కొన్ని మందులు వాడుతున్నా విలువలు పెరుగుతాయి. ఇక ఆ తల్లి పడే టెన్షన్ ఎవరు తీరుస్తారు?

కలువ:
ఎవరికి చేయాలో తేల్చుకుంటే ఈ గొడవ సగం తీరుతుంది. ప్రీఎక్లాంప్సియా సాధారణంగా 20 వారాల తర్వాతే వస్తుంది. అంతకుముందే బీపీ ఎక్కువగా ఉన్నా, అది తెరలు తెరలుగా పెరిగి తగ్గుతున్నా, దాంతోపాటు తలనొప్పి, చెమటలు, గుండెదడ వస్తున్నా, మూత్రంలో ప్రోటీన్ లేకున్నా అనుమానించాలి. అలాంటప్పుడు పరీక్ష వాయిదా వేయడం నా దృష్టిలో తప్పే. పాజిటివ్ వస్తే గాడోలినియం (స్కాన్‌లో స్పష్టత కోసం ఎక్కించే మందు) లేకుండా ఎమ్మారై తీయవచ్చు.

మందుల వరుస ఇంకా ముఖ్యం. ముందు ఆల్ఫా బ్లాకర్ (రక్తనాళాలను సడలించే మందు), అది బాగా పనిచేశాకే అవసరమైతే బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు). తిరగేస్తే రక్తనాళాలు మరింత బిగుసుకుని బీపీ ప్రమాదకరంగా పెరగవచ్చు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ కూడా ఈ గడ్డను రెచ్చగొట్టగలవు. కాబట్టి అనుమానం ఉంటే ఆ సంగతి కేస్‌షీట్‌లో పెద్దక్షరాలతో రాసి ఉండాలి. ఆపరేషన్ సాధారణంగా 24 వారాల లోపు, లేదంటే ప్రసవం అయ్యాక.

వేకువ:
కలువగారూ, మీ లక్షణాల జాబితాకు ఇంకొకటి కలపండి. ఈ గడ్డల్లో దాదాపు మూడో వంతు వంశపారంపర్యంగా వచ్చేవే. ఇంట్లో ఎవరికైనా అడ్రినల్ లేదా థైరాయిడ్ గడ్డ ఉందా, చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా అని మొదటి చెకప్‌లోనే అడగాలి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు కాబట్టి నీలిమేఘంగారికీ అభ్యంతరం ఉండదనుకుంటా.

నీలిమేఘం:
ప్రశ్నకు అభ్యంతరం లేదు. అందరికీ రక్తపరీక్ష అంటేనే నేను ఒప్పుకోనిది.