అమ్మకి వెనక గదా, వీధి గదా? ఇల్లు కట్టినవాళ్ళు చెప్పండి

కొత్తపేట_పెద్దోడు:
నమస్కారమండి. కొత్తపేట దగ్గర మా మండువా లోగిలి తీసేసి డూప్లెక్స్ కడుతున్నాం. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కర్తే ఉంటోంది, 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇల్లు తూర్పు ముఖం, ఎదురుగా కాలువగట్టు రోడ్డు. కింద నైరుతి మూల అమ్మకి ఏసీ, అటాచ్డ్ బాత్రూమ్‌తో గది ఇచ్చాం. కిటికీ మాత్రం ప్రహరీ వైపు మూడడుగుల సందులోకి వస్తోంది. పునాది నాలుగడుగులు లేపుతున్నాం. ప్లాన్ చూపించిన దగ్గర్నుంచీ అమ్మ సరిగ్గా తినట్లేదు. "ఆ గదిలో నాకేం తోస్తుందిరా" అంటోంది. గదిని బట్టి మనసు పాడవడం అనేది నిజంగా ఉంటుందాండి?

పాలకొల్లు_సత్యవేణి:
ఉంటుంది బాబూ. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి రాశాడు. పిత్తాశయం ఆపరేషనైన వాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనపడ్డవాళ్ళు, ఇటుక గోడ కనపడ్డవాళ్ళ కంటే ముందు ఇంటికెళ్ళారు. గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. మీ అమ్మగారికి మీరిస్తున్నది ఆ గోడ. నా మాట విని వీధి వైపు గదీ, దాని ముందు ఒక అరుగూ ఇవ్వండి. పాలబ్బాయి, పూలమ్మి, బడికెళ్ళే పిల్లలు, ఎవరో ఒకరు పలకరిస్తారు. ఏసీ పలకరించదు కదా.

భీమవరం_బిల్డర్:
మేడమ్, ఆ లెక్క 23 జంటల మీద, అంటే 46 మంది. అందులోనూ ఆపరేషనైనవాళ్ళు. దాన్ని పట్టుకుని కొత్తపేటలో ప్లాన్ మార్చమంటే ఎలాగండి? నైరుతి గది ఇంటి పెద్దకే ఇవ్వాలంటుంది వాస్తు. గౌరవంగా ఇచ్చారు.

పాలకొల్లు_సత్యవేణి:
ఇంకోటి వినండి. 2001లో ఇటలీ మిలన్‌లో చూశారు. బైపోలార్ డిప్రెషన్‌తో, అంటే కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు విపరీతమైన దిగులు ఉండే జబ్బుతో, చేరినవాళ్ళు తూర్పు గదుల్లో ఉంటే, పడమటి గదులవాళ్ళ కంటే సగటున మూడున్నర రోజుల పైచిలుకు ముందే డిశ్చార్జి అయ్యారు. పొద్దుటి ఎండ మహిమ.

భీమవరం_బిల్డర్:
చూశారా, తూర్పు! మన పెద్దలు ఎప్పుడో చెప్పిందే అది.

పాలకొల్లు_సత్యవేణి:
నేను చెప్పింది ఎండ గురించి, మీరు నైరుతి మూల సందులో పెట్టారు. ఏ వాస్తు అండీ ఇది?

కాకినాడ_మెడికో:
మామూలు డిప్రెషన్‌వాళ్ళకి ఆ తేడా కనపడలేదని కూడా అదే పేపర్లో ఉంది. అదీ చెప్పండి ఆంటీ.

లంకవాసి:
గది సంగతి మీరు తేల్చుకోండి, పునాది మాత్రం తగ్గించకండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇంట్లో మంచం కోళ్ళు మునిగాయి. మా అమ్మ 86 వరద కూడా చూసిన మనిషి. ఆ తర్వాత వాన పడితే చాలు, రాత్రంతా లేచి టార్చి వేసి గడప దగ్గర నీళ్ళు చూసేది. ఆరడుగుల పునాదితో కొత్తిల్లు కట్టాక ఇప్పుడు పడుకుంటోంది. మనశ్శాంతంటే మాకు అదేనండి. అరుగు కబుర్లు చెప్పేవాళ్ళు ఒక్క వరద రాత్రి మా లంకలో పడుకుని చూడండి.

పాలకొల్లు_సత్యవేణి:
మోకాళ్ళ నొప్పులావిడ ఆ మెట్లు దిగేదెలా? దిగలేక లోపలే ఉండిపోతుంది. ర్యాంపు పెట్టించండి.

భీమవరం_బిల్డర్:
అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలి మేడమ్. నాలుగడుగులకి 48 అడుగులు. కాలువలోకి కట్టమంటారా?

పాలకొల్లు_సత్యవేణి:
మధ్యలో మలుపు తిప్పి కడతారు. మీకు తెలీదా, తెలిసీ చెప్పట్లేదా?

కాలనీ_కుర్రోడు:
ఇందాకట్నుంచీ అరుగు అరుగు అంటున్నారు. మా నాన్న కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. కూలి డబ్బులు ఆ అరుగుల ముందు నిలబడే తీసుకున్నాడు, ఇలా కూర్చోవయ్యా అన్నవాడు లేడు. ఇప్పుడు మాది సెంటున్నరలో ఇల్లు. మా కిటికీ తీస్తే పక్కింటి కిటికీ. మా అమ్మ మనసు గురించి ఏ థ్రెడ్డూ లేదు.

ఉప్పాడ_కోడలు:
మరేనండి. ఆడవాళ్ళం మాత్రం ఎప్పుడు కూర్చున్నాం? మగాళ్ళు పేకాట ముగించి లేచాకే.

పాలకొల్లు_సత్యవేణి:
కాలనీ బాబూ, నువ్వన్నది కాదనను. కానీ ఇక్కడ అడిగింది ఈయన అమ్మగారి గురించి.

కాలనీ_కుర్రోడు:
అదేనండి నేననేది కూడా.

భీమవరం_బిల్డర్:
సత్యవేణి గారూ, ఏమనుకోకండి. మీ కోపం ఈ ప్లాన్ మీద లేదు, మీ ఇంట్లో ఎవరి మీదో ఉంది.

పాలకొల్లు_సత్యవేణి:
ఉంది. మా అబ్బాయి మీద. హైదరాబాదులో తొమ్మిదో అంతస్తులో నాకూ ఇలాగే "అన్నీ ఉన్న గది" ఇచ్చాడు. పొద్దున్న ఎనిమిదింటికి వాళ్ళు తలుపేసుకుని వెళ్తే మళ్ళీ రాత్రే మనిషి గొంతు. ఆర్నెల్లు కూడా ఉండలేక వచ్చేశాను. సరే, నా గొడవ వదిలేయండి. పెద్దోడు గారూ, మేడ మీద ఎన్ని గదులు? అవి ఎటు చూస్తాయి?

కొత్తపేట_పెద్దోడు:
రెండు, నాకూ తమ్ముడికీ. కాలువ వైపు బాల్కనీలు.

పాలకొల్లు_సత్యవేణి:
మీరుండేది?

కొత్తపేట_పెద్దోడు:
నేను బెంగళూరు, తమ్ముడు డల్లాస్. సంక్రాంతికి వస్తాం. ఇందులో తప్పేముంది? కోటి పైన పెడుతున్నాం. అమ్మ ఒప్పుకునే సంతకం పెట్టింది.

లంకవాసి:
సంతకమా? స్థలం ఆవిడదా?

కొత్తపేట_పెద్దోడు:
ఆయ్. తాతగారు పసుపుకుంకాల కింద ఇచ్చింది.

ఉప్పాడ_కోడలు:
ఆవిడ స్థలంలో ఆవిడకి సందు కిటికీ, పండక్కొచ్చేవాళ్ళకి కాలువా.

కొత్తపేట_పెద్దోడు:
మీరంతా మా అమ్మని మేం గెంటేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. వీధి వైపు గదిస్తే కారు షెడ్డు పోతుంది. ఇంజినీరు ఎలివేషన్ మొత్తం మార్చాలన్నాడు. అది అర్థం చేసుకోండి.

పాలకొల్లు_సత్యవేణి:
ఏడాదిలో ఆ కారు అక్కడుండేది ఎన్నాళ్ళు? వచ్చినప్పుడు బయట పెట్టుకోండి.

భీమవరం_బిల్డర్:
బయటంతా కొబ్బరిచెట్లు మేడమ్. కాయ పడితే అద్దం మీరిస్తారా?

కాలనీ_కుర్రోడు:
దింపు తీయించుకోండి సార్, కాయలు పడవు. ఈసారి కూలి కుర్చీ వేసి ఇవ్వండి.

లంకవాసి:
పునాది మాత్రం తగ్గించకండి.