ఫోర్టిగేట్ హెచ్‌ఏ: స్టాండ్‌బై బాక్సు పోయిన సంగతి జాబిక్స్‌కి తెలిసేదెలా?

కోర్‌స్విచ్:
రెండు ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లు, హెచ్‌ఏ జంటగా, యాక్టివ్-పాసివ్: ఒకటి (ప్రైమరీ) పనిచేస్తుంది, అది పోతే అందుకోవడానికి రెండోది (స్టాండ్‌బై) సిద్ధంగా ఉంటుంది. మానిటరింగ్ టూల్ జాబిక్స్‌లో గేట్‌వే ఐపీకి పింగ్ ఒక్కటే ఉంది. స్టాండ్‌బై పవర్ కేబుల్ పీకినా డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటోంది. ఏ ఓఐడీలు (ఎస్‌ఎన్‌ఎంపీ అనే మానిటరింగ్ ప్రోటోకాల్‌తో అడిగే విలువల నంబర్లు) చూడాలి? ట్రాప్‌లు (బాక్సు తనంతట తానే పంపే హెచ్చరికలు) పెడితే సరిపోతుందా?

ప్యాకెట్‌పట్నం:
పింగ్‌కి పలికేది ఎప్పుడూ ప్రైమరీయే. నెట్ నడుస్తోందని తెలుస్తుంది గానీ, దాని వెనక ఇంకొకటి సిద్ధంగా ఉందో లేదో తెలియదు.

1.3.6.1.4.1.12356.101.13.2.1.1 టేబుల్‌ని నిమిషానికోసారి వాక్ చేయండి (మొత్తం చదవండి). క్లస్టర్ (ఈ జంట) ఐపీని అడిగినా మెంబర్‌కో వరుస వస్తుంది. 2వ కాలమ్ సీరియల్ నంబర్, 11 హోస్ట్‌నేమ్, 12 సింక్ స్థితి, అంటే రెండు బాక్సుల సెట్టింగ్స్ ఒకటిగా ఉన్నాయా అన్నది (1 అయితే సింక్‌లో ఉన్నట్టు, 0 అయితే లేనట్టు), 16 ప్రైమరీ సీరియల్.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: మెంబర్ పోతే 12వ కాలమ్ 0 కాదు, ఆ వరుసే మాయమవుతుంది. జాబిక్స్ ఐటమ్ 'అన్‌సపోర్టెడ్' అవుతుంది, ట్రిగర్ 'అన్‌నోన్'లో పడి ఊరుకుంటుంది. కాబట్టి వరుసలు లెక్కపెట్టి 2 కంటే తగ్గితే అలర్ట్ పెట్టండి. జాబిక్స్ 6.4 నుంచి వాక్ ఐటమ్ ఉంది, పని సులువు.

ట్రాప్‌లు ఉండనివ్వండి, వాటి మీదే ఆధారపడొద్దు. అవి యూడీపీ (చేరిందో లేదో చూసుకోని పద్ధతి), ఫెయిలోవర్ (ప్రైమరీ మారడం) జరిగే ఆ క్షణంలోనే దారిలో పోవచ్చు.

కోర్‌స్విచ్:
థాంక్సండీ, లెక్క పనిచేస్తోంది. కానీ పాలసీ మార్చి సేవ్ కొట్టిన ప్రతిసారీ సింక్ 0 అని మెయిల్ వస్తోంది.

ప్యాకెట్‌పట్నం:
మార్పు రెండో బాక్సుకి చేరేలోపు కాసేపు 0 కనబడటం మామూలే. 10 నిమిషాలు వరసగా 0 ఉంటేనే అలర్ట్ వెళ్లేలా పెట్టండి. అప్పటికీ పోకపోతే 'డయాగ్నోజ్ సిస్ హెచ్‌ఏ చెక్‌సమ్ క్లస్టర్' కొట్టి గ్లోబల్, రూట్ చెక్‌సమ్‌లలో (సెట్టింగ్స్‌ని పోల్చే సంఖ్యలు) ఏది తేడాగా ఉందో చూడండి. రెండు బాక్సుల్లో ఫర్మ్‌వేర్ బిల్డ్ ఒకటేనా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి.

రాత్రిషిఫ్టు:
రెండు మాటలు కలుపుతాను.

స్టాండ్‌బై సొంత పోర్టులు, ఫ్యాన్లు, పవర్ సప్లై చూడాలంటే దానికి వేరే ఐపీ కావాలి. హెచ్‌ఏ సెట్టింగ్స్‌లో రిజర్వ్‌డ్ మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ ఆన్ చేసి, బాక్సుకో ఐపీ ఇవ్వండి. ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ (పాస్‌వర్డ్ లాంటి పేరు)లోని హోస్ట్ దగ్గర 'హెచ్‌ఏ-డైరెక్ట్' ఎనేబుల్ చేయడం మరిచిపోవద్దు. అది లేకపోతే ఆ ఐపీ మీద పింగ్ వస్తుంది, ఎస్‌ఎన్‌ఎంపీ రాదు; తప్పు కమ్యూనిటీ పేరులో ఉందేమోనని వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఇది పెట్టుకుంటే స్ప్లిట్-బ్రెయిన్ (రెండు బాక్సులూ తామే ప్రైమరీ అనుకోవడం) కూడా దొరుకుతుంది. రెండు ఐపీలూ పలుకుతున్నాయి, రెండూ 'నేనొక్కదాన్నే' అంటూ ఒక్కో వరుసే ఇస్తున్నాయంటే హార్ట్‌బీట్ (బాక్సులు ఒకదాన్నొకటి పలకరించుకునే లింకు) తెగినట్టే. రెండూ ఒకే వర్చువల్ మ్యాక్ వాడతాయి కాబట్టి స్విచ్ లాగ్‌లో మ్యాక్ ఫ్లాపింగ్ (ఒకే మ్యాక్ అడ్రస్ పోర్టులు మారుతూ కనబడటం) కూడా కనిపిస్తుంది. హార్ట్‌బీట్‌ని స్విచ్ మీదుగా తిప్పితే ఈ బాధ ఎక్కువ: ఆ ఫ్రేముల ఈథర్‌టైప్ (ఫ్రేమ్ రకాన్ని చెప్పే నంబర్) 8890, కొన్ని స్విచ్‌లు దాన్ని పడేస్తాయి. రెండు కేబుళ్లు, బాక్సు నుంచి బాక్సుకి నేరుగా వేయండి.

కోర్‌స్విచ్:
ప్రైమరీ మారితే క్రిటికల్ అలర్ట్ పెట్టాలా?

రాత్రిషిఫ్టు:
వార్నింగ్ చాలు. ఓవర్‌రైడ్ (ఎక్కువ ప్రయారిటీ ఉన్న బాక్సే ప్రైమరీ కావాలనే సెట్టింగ్) డీఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది, కాబట్టి పాత ప్రైమరీ తిరిగొచ్చినా పగ్గాలు తీసుకోదు. అది తప్పేం కాదు. మెంబర్ తగ్గడం మాత్రం క్రిటికలే.

టెస్ట్‌కి మెయింటెనెన్స్ టైమ్‌లో ప్రైమరీ మీద 'డయాగ్నోజ్ సిస్ హెచ్‌ఏ రీసెట్-అప్‌టైమ్' కొట్టండి. ఓవర్‌రైడ్ ఆఫ్‌లో ఉండి, రెండో బాక్సు క్లస్టర్‌లో చేరి 5 నిమిషాలు దాటి ఉంటేనే మారుతుంది. రెండు బాక్సుల అప్‌టైమ్‌లో అంతకన్నా తక్కువ తేడాని క్లస్టర్ లెక్కలోకి తీసుకోదు. 'సెషన్-పికప్' (నడుస్తున్న సెషన్లని రెండో బాక్సు అందుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే నడుస్తున్న టీసీపీ సెషన్లన్నీ తెగుతాయి.